సుంకి ఘాట్‌లో స్పోర్ట్స్ కారు: నడుమూ దక్కాలి, మలుపూ దక్కాలి

ప్రశ్న ఇది: "మాది కొరాపుట్ జిల్లా జైపూరు. 2013 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పాత ఓనరు బండిని 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు, 19 అంగుళాల చక్రాలు వేయించాడు. టైర్లు రన్‌ఫ్లాట్. వారం వారం సుంకి మీదుగా విశాఖ వెళ్లొస్తాను. మలుపుల్లో బాగానే పట్టుకుంటుంది గానీ గతుకు తగిలితే వెన్నులో పోటు. మా ఆవిడ ఇంక ఎక్కనంటోంది. మెత్తగా చేయిస్తే స్పోర్ట్స్ కారు స్పోర్ట్స్ కారులా ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. కాయిలోవర్లు వేయించనా, కంపెనీ స్ప్రింగులకే పోనా?"

తమ్ముడూ, నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. సాలూరు లారీ షెడ్లలో కమాను కట్టలు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా రాయగడలో కార్ల కింద పడుకుంటున్నాను. నీ దారి నాకు గుంత గుంతా తెలుసు.

తొందరలో ఉంటే జవాబు ఇది: కాయిలోవర్ల (ఎత్తూ బిగువూ మార్చుకునే స్ప్రింగు, షాకప్పు జతల) మాట ఇప్పుడు ఎత్తకు. కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించు, చక్రాలు 18కి దించు, రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే గట్టి టైర్లు) తీసేసి మామూలువి వెయ్యి, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) చూపించు. ఎందుకో తెలుసుకోవాలంటే మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

ముందు "మలుపుల్లో బాగానే పట్టుకుంటుంది" అన్నావే, అక్కడ ఆగుదాం. ఏ మలుపుల్లో? తారు నున్నగా ఉన్నచోటే కదా. సుంకి దిగేటప్పుడు హెయిర్‌పిన్ల దగ్గర రోడ్డు ఎలా ఉంటుందో ఈసారి బండి ఆపి చూడు. లోడు లారీలు ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎక్కే చోట, బ్రేకు మీద దిగే చోట తారు ముద్దలు ముద్దలుగా జరిగి అలల్లా తేలుతుంది. ఆ అలల మీద గట్టి స్ప్రింగు బండి మలుపు తిరగదు, గెంతుతుంది. గెంతినప్పుడు టైరు నేలకు అంటదు. అంటని టైరుకి పట్టు ఎక్కడిది?

ఇది పుస్తకం చదివి చెప్పే మాట కాదు. కుర్రతనంలో నా దగ్గర ఒక పాత మారుతి ఎస్టీం కారు ఉండేది. దాని స్ప్రింగుల్ని నేనే ఒక్కో చుట్టు కోసేశాను. బండి కిందికి దిగింది, చూడ్డానికి పులిలా ఉండేది. జైపూరు బజార్లో రెండు రోజులు తిప్పుకుని మురిసిపోయాను. మూడో రోజు సుంకి దిగుతూ హెయిర్‌పిన్ ముందు బ్రేకు వేశాను. ముందు చక్రాలు ఆ తారు అలల మీద టకటకా కొట్టుకుంటూ తేలిపోయాయి. స్టీరింగు తిప్పాను, బండి మాత్రం తిన్నగానే పోయి పిట్టగోడకి జానెడు దూరంలో ఆగింది. పక్క సీట్లో మా బావమరిది. ఆ రోజు నుంచి వాడు నా కారెక్కడం మానేశాడు, అది వేరే సంగతి.

ఆ రోజు నేను చేసిన తప్పూ, నీ పాత ఓనరు చేసిన తప్పూ ఒకటే: సస్పెన్షన్ కదిలే చోటుని తినేశాం. చక్రం పైకి లేవడానికి బండిలో కొంత జాగా ఉంటుంది. లెక్క కోసం 70 మిల్లీమీటర్లు అనుకో. బండిని 30 దించితే మిగిలింది 40. ఆ నలభై అయిపోగానే డ్యాంపరు (షాకప్పు) కడ్డీ మీదుండే బంప్ స్టాప్ తగులుతుంది. అది నురగలాంటి దిమ్మ, కొంచెం నొక్కుకుని రాయిలా బిగుసుకుపోతుంది. నీ వెన్నులో పోటు చాలావరకు స్ప్రింగు గట్టిదనంవల్ల కాదని నా అనుమానం. దిమ్మ మీద కూర్చుని ప్రయాణం చేస్తున్నావు. పైగా ఆ దిమ్మలు పదేళ్లు దాటితే మన తేమకి పొడి పొడి అయిపోతాయి. నీ బండి వయసు చూస్తే అవి ఉన్నాయో లేవో కూడా చూడాలి.

ఇంకో చిక్కుంది, చాలామంది మిస్త్రీలకు కూడా తెలియదు. నీ బండికి ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ డ్యాంపరూ ఒకే నిలువు కాలుగా చక్రాన్ని పట్టి ఉంచేది. ఈ ఏర్పాటులో బండిని దించితే బరువు కేంద్రం 30 మిల్లీమీటర్లు దిగుతుంది గానీ, బండి ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటరు అంతకంటే ఎక్కువ కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి ఒరిగే బలమూ పెరుగుతుంది. అంటే ఒరగకూడదని దించి, ఒరిగే గుణం పెంచుకుని, దాన్ని ఆపడానికి మళ్లీ స్ప్రింగు గట్టిది వేయాలి. అప్పు తీర్చడానికి అప్పు చేయడం లాంటిది.

స్ప్రింగు గట్టిదనం ఎంతలో మారిపోతుందో చెప్తాను, ఆశ్చర్యపోతావు. తీగ మందం నాలుగో ఘాతంతో బలం పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 వేస్తే కంటికి తేడా కనిపించదు, కానీ స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. చుట్టు కోసినా అంతే, మిగిలిన చుట్లు తక్కువైన కొద్దీ గట్టిపడుతుంది. అందుకే ఎవరైనా "కొంచెం కోస్తే చాలు భాయ్, సెట్ అయిపోద్ది" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

మరి ఎంత గట్టిగా ఉంటే బాగు? మాలాంటివాళ్లు దీన్ని బండి ఊగే వేగంలో చూస్తాం. బండిని నొక్కి వదిలితే సెకనుకి ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందన్నది లెక్క. డ్యాంపరు లేదనుకుని సుమా. మామూలు కుటుంబ కార్లు సెకనుకి 1 నుంచి 1.5 సార్లు, అంటే 1 నుంచి 1.5 హెర్ట్జ్. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు సుమారు 1.5 నుంచి 2 లోపు. రేసు కార్లు 2 దాటతాయి, గాలి ఒత్తిడితో నేలకు అతుక్కునేవి ఇంకా పైకి పోతాయి. మన ఒంటికి నిలువు కుదుపుల్లో బాగా బాధ పెట్టేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య. కడుపు, వెన్ను అక్కడ తాళం వేస్తాయి. కాబట్టి స్ప్రింగు గట్టిపడి, దాని మీద దిమ్మ తగిలి, ఊగుడు ఆ వైపు జరిగే కొద్దీ నీ భార్య మాట న్యాయమవుతుంది.

నీ బండి మొత్తం సుమారు టన్నున్నర. ముందు ఒక మూల స్ప్రింగు మీద పడే బరువు 340 కిలోలనుకుందాం. 1.5 హెర్ట్జ్ కావాలంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకి 3 కిలోల పైచిలుకు గట్టిదనం చాలు. 2 హెర్ట్జ్‌కి ఐదున్నర. ఇప్పుడు కాయిలోవర్ డబ్బాల మీద రాసి ఉండే అంకె చూడు. 8 కిలోలని కనిపిస్తే, స్ట్రట్ వాలువల్ల తగ్గేది తీసేసినా 2.3 హెర్ట్జ్. అది ట్రాక్ అంకె. నీకు పొట్టంగి దాటాక ట్రాక్ ఎక్కడుంది?

ఇక్కడ వెనక స్ప్రింగు గురించి ఒక హెచ్చరిక. వెనక స్ప్రింగు చక్రానికి దూరంగా, చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చేయి మధ్యలో కూర్చునే బండ్లలో డబ్బా మీద అంకెకీ చక్రం దగ్గర అంకెకీ పొంతన ఉండదు. చక్రం 10 కదిలితే స్ప్రింగు 6 మాత్రమే కదిలేదైతే, చక్రం దగ్గర గట్టిదనం స్ప్రింగు అంకెలో 36 శాతమే. అందుకని ముందుది, వెనకది పక్కపక్కన పెట్టి "వెనకది రెండింతలు గట్టిగా ఉందేటి" అని భయపడకు.

వెనక గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే నీ బండిలో బాధంతా అక్కడే. జడ్4కి ముక్కు పొడుగు, సీట్లు దాదాపు వెనక ఇరుసు ముందే. నువ్వు ఉయ్యాల బల్ల చివర కూర్చున్నట్టు. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్ల లోపే. అరవైలో పోతుంటే ముందు చక్రం గతుక్కి తగిలిన 0.15 సెకన్లకి వెనక చక్రం తగులుతుంది. ముందుభాగం లేచి దిగుతుండగా వెనకభాగం లేస్తుంది, బండి గుర్రంలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దీనికి మందు 1930లలోనే దొరికింది. రోల్స్‌రాయిస్ నుంచి అమెరికాలో కాడిలాక్‌కి వచ్చిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు, బండికి అటూ ఇటూ జరిపే బరువులు కట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పి తేల్చాడు: వెనక ఊగుడు ముందుదానికన్నా కొంచెం వేగంగా ఉంటే, ఆలస్యంగా లేచిన వెనకభాగం ముందుభాగాన్ని అందుకుంటుంది, అప్పుడు బండి ఊగకుండా బల్లలా పైకీ కిందికీ లేస్తుంది. ఈ కిటుకు తెలియకుండా ఎవరో ముందు ఒక కంపెనీవి, వెనక ఒక కంపెనీవి స్ప్రింగులు వేస్తే ఆ లెక్క చెడుతుంది. నీ నాలుగు స్ప్రింగులూ ఒకే సెట్టువా? దాని మీది గుర్తులు చూసి చెప్పు.

ఇక డ్యాంపరు. మన వైపు షాకప్పులంటాం. స్ప్రింగు ఎద్దు అయితే డ్యాంపరు పగ్గం. నీ పాత ఓనరు బలమైన ఎద్దుని తెచ్చి పాత పగ్గమే కట్టాడు. కంపెనీ డ్యాంపరు కంపెనీ స్ప్రింగు కోసం పుట్టింది. గట్టి స్ప్రింగు నొక్కుకుని తిరిగి విసిరినప్పుడు ఆ డ్యాంపరు పట్టలేదు, అందుకే గతుకు దాటాక బండి ఇంకోసారి ఎగురుతుంది. అది కూడా గమనించే ఉంటావు.

మంచి డ్యాంపరు రహస్యం వేగంలో ఉంది. బండి వేగం కాదు, లోపలి పిస్టను కదిలే వేగం. మలుపులో బండి ఒరగడం, బ్రేకు వేస్తే ముక్కు దిగడం నిదానం కదలికలు, పిస్టను సెకనుకి 10 సెంటీమీటర్ల లోపే కదులుతుంది. గుంత కొట్టినప్పుడు అదే పిస్టను అర మీటరు, మీటరు వేగంతో దూసుకుపోతుంది. నిదానం కదలికకి గట్టిగా, దూకుడు కదలికకి వదులుగా ఉండే వాల్వు ఉంటే సుఖమూ అదుపూ ఒకే బండిలో ఉంటాయి. స్టీరింగు తిప్పగానే బండి మాట వింటుంది, గుంత వస్తే పగ్గం వదిలేస్తుంది. చవక కాయిలోవర్లలో ఈ తెలివి ఉండదు, స్క్రూ తిప్పితే అన్ని వేగాల్లోనూ ఒకేలా బిగుస్తుంది. ముప్పై రెండు క్లిక్కులని గొప్పగా రాస్తారు. వాటిలో చాలావాటికి తేడా నా చేతికి తెలియలేదు.

నీ స్నేహితుల మాటకి జవాబు కూడా ఇదే. లోటస్ పెట్టిన కొలిన్ చాప్‌మన్ 1962లో తెచ్చిన ఎలాన్‌ని చూడమను. ఏడొందల కిలోల లోపు బండి, మెత్తటి స్ప్రింగులు, పొడుగు కదలిక, దాన్ని పట్టి ఉంచే డ్యాంపర్లు. ఇంగ్లండు పల్లె రోడ్ల మీద దాన్ని పట్టుకోవడం పెద్ద పెద్ద ఇంజన్ల బండ్లకి కూడా కష్టమైంది. మొన్న 2017లో వచ్చిన ఆల్పైన్ ఏ110 కూడా ఆ దారిలోనిదే. దాంట్లో నురగ దిమ్మ చివర్లో ఠక్కున ఆపే పని లేకుండా, ర్యాలీ కార్లలోలా నూనెతో మెల్లగా ఆపే ఏర్పాటు పెట్టి స్ప్రింగులు మెత్తగా ఉంచారు. అయితే రెండూ తేలికైన బండ్లు. నీది టన్నున్నర కాబట్టి అంత మెత్తదనం కుదరదు, ఆ మాట కూడా నిజమే.

ఒకటి చూసుకో. మీ బండిలో నార్మల్, స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్ అని బటను ఉంటుంది. అది నొక్కితే యాక్సిలరేటరు, స్టీరింగు గుణం మారుతుంది. డ్యాంపర్లు కూడా మారేది అడాప్టివ్ సస్పెన్షన్ ఉన్న బండికే. చక్రం విప్పి డ్యాంపరుకి కరెంటు తీగ పోతోందో లేదో చూస్తే తేలిపోతుంది. తీగ ఉంటే ఆ డ్యాంపర్లని పారేసి సాదా కాయిలోవర్లు వేయడం బంగారం ఇచ్చి ఇత్తడి కొనుక్కోవడమే. కంప్యూటరు తప్పు లైట్లు వేయడం దానికి అదనం.

టైర్ల సంగతి అందరూ చివర్లో చూస్తారు, నేను ముందే చూస్తాను. టైరు కూడా స్ప్రింగే. వెనక 19 అంగుళాల చక్రానికి 255/30 టైరు, రబ్బరు గోడ ఎత్తు 76 మిల్లీమీటర్లు. 18కి 255/35, గోడ 89. 17కి 255/40, గోడ 102. రోడ్డు మీద పదునైన అంచు తగిలినప్పుడు మొదట నొక్కుకోవాల్సింది ఆ గోడే. దాని మీద రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా బండిని మోసేలా ఆ గోడని బిగించి కట్టిన టైరు. గాలి పోయాక 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దూరం పోవచ్చని సాధారణంగా చెప్తారు, అందుకు రోజూ చెల్లించే వడ్డీ నీ నడుము. ఒక్క రన్‌ఫ్లాట్ తీసేస్తేనే బండి మారిపోయిందనేవాళ్లని నేను చూశాను. కానీ మీ బండిలో స్టెప్నీ ఉండదు. మామూలు టైర్లు వేస్తే పంచరు ప్లగ్గుల కిట్టు, చిన్న కంప్రెసరు డిక్కీలో ఉండి తీరాలి, వాడడం కూడా ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. రాత్రి పూట ఘాట్ మధ్యలో, వానలో నేర్చుకునే విద్య కాదది. 19 రిమ్ము గుంతకి వంగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా.

టైర్లలో గాలి, డోరు పక్కన స్టిక్కరు మీద రాసినంతే, చల్లటి టైరులో, పొద్దున్నే. బంకులో కుర్రాడు "నలభై కొట్టేయనా సార్" అంటాడు. వద్దను.

బుష్‌ల దగ్గర మన మిస్త్రీలు చేసే తప్పొకటి ఉంది, నేనూ పదేళ్లు చేశాను. కొత్త కంట్రోల్ ఆర్ములు (చక్రాన్ని బండికి కలిపే చేతులు) వేసి, బండి జాకీ మీద వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. ఆ రబ్బరు బుష్ చక్రం వేలాడే స్థితిలోనే అతుక్కుపోతుంది. బండి నేల మీద దిగగానే బుష్ మెలి తిరిగి, అదే ఒక దొంగ స్ప్రింగులా పని చేస్తుంది. బండి గరుకుగా నడుస్తుంది, ఏడాదికే రబ్బరు చిరుగుతుంది. చివరి బిగింపు బండి తన బరువు మీద నిలబడ్డాకే. ర్యాంపు లేకపోతే చక్రాల కింద దుంగలు పెట్టి బిగించమను. స్ప్రింగులు మార్చినప్పుడు ఈ బోల్టులన్నీ ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించాలి. నీ పాత ఓనరు ఇది చేయించి ఉంటాడని నాకు నమ్మకం లేదు. స్ట్రట్ పైన ఉండే టాప్ మౌంట్ కూడా ఒకసారి చూపించు, స్టీరింగు తిప్పితే టక్కుమంటుంటే అదే.

యాంటీ రోల్ బారు (బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) గట్టిది వేయమని ఎవరైనా చెప్తే, వద్దు. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకరు మీద అది అడ్డు రాదు నిజమే. మన గుంతలు ఎప్పుడూ ఒక్క చక్రానికే ఉంటాయి. అప్పుడు ఆ బారు కుడి దెబ్బని ఎడమకి మోసుకెళ్తుంది, తలలు అటూ ఇటూ ఊగుతాయి. స్పీడ్ బ్రేకర్ల మాట వచ్చింది కాబట్టి, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. ఊళ్లో వాళ్లు రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిబ్బలకి ఆ కొలతలతో చుట్టరికం లేదు. దించిన బండి పొట్ట వాటికి అందుతుంది. కంపెనీ ఎత్తుకి పోవడానికి ఇదొక్కటే చాలు నాకు.

ఇవన్నీ అయ్యాక, అలైన్‌మెంట్ కూడా చేయించాక, రెండు నెలలు తిరుగు. అప్పటికీ ఇంకా బిగువు కావాలనిపిస్తే కాయిలోవర్లకి పో. ఎంత కిందికి దిగుతుందని అడగకు. కంపెనీ ఎత్తులో పైకి ఎంత కదలిక మిగులుతుందో, వాల్వు కొలత కాగితం ఉందో అడుగు. కాగితం ఇవ్వలేని దుకాణంలో కొనకు. బిగించాక స్క్రూలన్నీ పూర్తి మెత్తకి తిప్పి మొదలుపెట్టు. ఒకే రోడ్డు, ఒకే గాలి, ఒకే వేగం. సెమిలిగుడ దాటాక తారు గట్టు దిగి ఎక్కే చోట్లు ఉంటాయి కదా, అక్కడ దాటాక బండి ఇంకోసారి తేలుతోందంటే రీబౌండు (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు డ్యాంపరు పట్టే పట్టు) రెండు క్లిక్కులు బిగించు. తేలడం ఆగిన చోటే ఆగిపో, ఇంకా బాగుంటుందేమోనని ఇంకో రెండు బిగించకు. మరీ బిగిస్తే గతుక్కి పైకి లేచిన చక్రం తిరిగి కిందికి దిగేలోపు తర్వాతి గతుకు వస్తుంది, బండి అంచెలంచెలుగా దిమ్మల మీదికి దిగిపోతుంది. ఒకసారికి ఒక్క మార్పే, నోటు పుస్తకంలో రాసుకో. మార్పులు చేసినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లకి రాసి చెప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే, ప్రమాదం జరిగాక దాన్ని చదువుకోవడం మంచిది కాదు.

ఇంత చెప్పినా, నీ బండి దిమ్మల మీద కూర్చుందన్నది ఇప్పటికి నా అనుమానమే. రుజువు పది రూపాయల పని. చక్రం విప్పి, డ్యాంపరు కడ్డీ చుట్టూ ఒక సన్నటి ప్లాస్టిక్ టై బిగించు. డస్ట్ కవరు పైకి జరిపితే కడ్డీ కనిపిస్తుంది. టైని కిందికి, డ్యాంపరు గొట్టం మీదికి జరిపి వదిలెయ్. ముందొకటి, వెనకొకటి చాలు. ఈ వారం ఎప్పుడూ పోయేట్టే సుంకి దిగి సాలూరులో టీ తాగి, బండి చల్లారాక చక్రం విప్పి చూడు. టై దిమ్మ లోపలికి దూరిపోయి ఉంటే నేను చెప్పింది నిజం. దిమ్మకి బాగా కింద ఆగి ఉంటే నేను తప్పు, అప్పుడు తప్పు డ్యాంపరుదో టైరుదో వెతకాలి. నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఎత్తు కూడా టేపుతో కొలిచి, టై ఆగిన చోటు ఫొటోతో కలిపి పెట్టు. స్ప్రింగులు ఎక్కడ కొనాలో అప్పుడు చెప్తాను.